సేఫ్టీ లాస్ట్ (1923): తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్తున్నా, కింద కథ మొత్తం వచ్చేస్తుంది, క్లైమాక్స్‌తో సహా. ఇంకా చూడనివాళ్ళు మొదటి ప్రశ్న వరకు చదివి, సినిమా చూసొచ్చి మిగతాది చదువుకోండి. గంటంపావు కూడా ఉండదు సినిమా.

ప్రశ్న: బిల్డింగ్ మీద పెద్ద గడియారం ముల్లు పట్టుకుని వేలాడే కళ్ళజోడు మనిషి ఫొటో, అది ఈ సినిమాలోదేనా?

ఇదే. 1923 ఏప్రిల్ 1న అమెరికాలో రిలీజ్ అయిన మూకీ సినిమా. హీరో హెరాల్డ్ లాయిడ్, డైరెక్టర్లు ఇద్దరు, ఫ్రెడ్ న్యూమేయర్, శామ్ టేలర్, నిర్మాత హాల్ రోచ్. ఆ ఫొటో ఎంత ఫేమస్ అంటే సినిమా పేరు తెలీనివాళ్ళు, లాయిడ్ పేరు ఎప్పుడూ విననివాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మూకీ కామెడీ అనగానే మనకి చాప్లినే గుర్తొస్తాడు కాబట్టి చాలామంది అది చాప్లిన్ అనేసుకుంటారు, కాదు. ఆ రోజుల్లో చాప్లిన్, బస్టర్ కీటన్, లాయిడ్ ముగ్గురూ పెద్ద స్టార్లు. లాయిడ్ సినిమాలకి జనం విరగబడి వచ్చేవాళ్ళు.

ప్రశ్న: కథ ఏంటి, సింపుల్‌గా?

పల్లెటూరి కుర్రాడు. సిటీకెళ్ళి పెద్దవాడినయ్యాక నిన్ను పెళ్ళి చేసుకుంటా అని ప్రేమించిన అమ్మాయికి మాటిచ్చి రైలెక్కుతాడు. సిటీలో దొరికింది డివోర్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్లో బట్టల కౌంటర్ దగ్గర సేల్స్‌మన్ ఉద్యోగం, వారానికి 15 డాలర్లు. కానీ ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం తెగ గొప్పలు, జీతం రాగానే అద్దె కట్టడం మానేసి అమ్మాయికి నగ కొని పంపిస్తాడు. అది చూసి ఆ అమ్మాయి, అబ్బో మనవాడు బాగా సంపాదించేస్తున్నాడు అనుకుని, చెప్పాపెట్టకుండా సిటీకి, నేరుగా స్టోర్‌కి వచ్చేస్తుంది. ఇక అక్కడినుంచి తను జనరల్ మేనేజర్ని అని నమ్మించడానికి పడే పాట్లు. అదే టైంలో అసలు మేనేజర్, స్టోర్‌కి జనాన్ని రప్పించే కొత్త ఐడియా ఎవరన్నా ఇస్తే వెయ్యి డాలర్లిస్తా అనడం మనవాడి చెవిన పడుతుంది. రూమ్మేట్ బిల్ గోడలెక్కడంలో దిట్ట, వాడికి సగం ఇస్తానని ఒప్పించి, స్టోర్ ఉన్న 12 అంతస్తుల బిల్డింగ్‌ని ఒక మిస్టరీ మనిషి బయట గోడ పట్టుకుని ఎక్కుతాడు అని పేపర్లో వేయిస్తారు. తీరా టైమొచ్చేసరికి బిల్ మీద పాత పగ ఉన్న పోలీసు కింద కాపు కాసి ఉంటాడు. దాంతో "ఒక్క ఫ్లోర్ నువ్వెక్కు, ఈలోపు నేను పోలీసుని వదిలించుకుని పై కిటికీ దగ్గర నీ కోటూ టోపీ వేసుకుని మిగతాది ఎక్కుతా" అని డీల్. ఆ ఒక్క ఫ్లోర్ కాస్తా ఇంకొకటి, ఇంకొకటి అయ్యి, చివరికి పైదాకా మనవాడే ఎక్కాల్సొస్తుంది.

ప్రశ్న: హీరో పేరేంటి సినిమాలో?

టైటిల్స్‌లో "ది బాయ్" అనే వేస్తారు, అమ్మాయి "ది గర్ల్", రూమ్మేట్ "ది పాల్", పోలీసు "ది లా". జీతం కవరు మీద మాత్రం హెరాల్డ్ లాయిడ్ అనే కనిపిస్తుంది.

ప్రశ్న: డిపార్ట్‌మెంట్ స్టోర్ కామెడీ అంటారు, కానీ అందరూ మాట్లాడేది బిల్డింగ్ ఎక్కడం గురించే. స్టోర్ సీన్లు అంత ముఖ్యమా?

నా మటుకు నాకు స్టోర్ సీన్లే ఈ సినిమాకి ప్రాణం. ఎక్కడం అనేది చివరి ఇరవై నిమిషాల వ్యవహారం. అంతకుముందు మనం చూసేదంతా ఒక చిన్న గుమాస్తా బతుకు. అరనిమిషం లేటైతే భయం, సూపర్‌వైజర్ కనపడితే భయం, చొక్కా సరిగ్గా లేకపోతే భయం, అద్దె అడిగే ఇంటావిడ అంటే భయం. ఇవన్నీ చూశాక వాడు గోడ పట్టుకుని వేలాడుతుంటే మనకి చెమటలు పడతాయి, ఎందుకంటే వాడు అక్కడికి సాహసం చేద్దామని రాలేదు, ఉద్యోగం, పెళ్ళి, పరువు మూడూ నిలబెట్టుకోడానికి వేరే దారి లేక వచ్చాడు. కిందకి దిగిపోతే అయిపోయే పనే కదా అని మనం ఒక్కసారి కూడా అనుకోం, దిగితే ఏం పోతుందో ముందు నలభై యాభై నిమిషాల్లో పూసగుచ్చినట్టు చూపించేశారు కాబట్టి.

ప్రశ్న: స్టోర్లో ఏ సీన్లు మిస్ అవ్వకూడదు?

అన్నిటికన్నా ముందు సేల్ రోజు సీన్. బట్టల కౌంటర్ మీద ఆడవాళ్ళు ఎగబడతారు, ఒకరి చేతిలోంచి ఇంకొకరు తానులు లాక్కుంటారు, మనవాడు ఆ గుంపులో పడి నలిగిపోతాడు. ఆషాఢం సేల్ మొదటి రోజు పొద్దున్నే పెద్ద బట్టల షాపు షట్టర్ లేపిన సీన్ ఎప్పుడైనా చూసుంటే మీకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ గుంపులో ఒక ముసలావిడ ముందుకు రాలేక అవస్థ పడుతుంటే మనవాడు "ఆ 50 డాలర్ల నోటు ఎవరు పడేసుకున్నారు?" అని అరుస్తాడు, అంతే, అందరూ ఒక్కసారి కిందకి వంగి వెతుక్కుంటుంటే ముసలావిడకి దారి దొరుకుతుంది. మనుషుల మీద ఇంత అవగాహనతో రాసిన జోక్, నూరేళ్ళు దాటినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

రెండోది లేటు సీన్. అసలు మనవాడు స్టోర్‌కి చాలా ముందే వచ్చేస్తాడు, కానీ తువ్వాళ్ళ బండిలో ఇరుక్కుపోయి ఊరవతలికి వెళ్ళిపోతాడు. అక్కడినుంచి టైంకి వెనక్కి రావాలి. ట్రామ్ చూస్తే బయటికి వేలాడుతూ జనం, కాలు పెట్టడానికి చోటుండదు. చివరికి స్పృహ తప్పినట్టు పడిపోయి అంబులెన్స్ ఎక్కి, స్టోర్ దగ్గరికి రాగానే లేచి దిగిపోతాడు. లోపలికి మామూలుగా వెళ్తే దొరికిపోతాడు కాబట్టి బట్టల బొమ్మలా బిగదీసుకుని నిలబడి, ఆ బొమ్మల్లో ఒకటిగా లోపలికి చేరతాడు. అటెండెన్స్ కొట్టే గడియారం దగ్గర ముల్లు వెనక్కి తిప్పుకుంటాడు. ఇక్కడ కాస్త ఆగి చూడండి, వాడు మొదట కుస్తీ పట్టింది ఈ గడియారంతోనే, చివర్లో ప్రాణాలకి పట్టుకుని వేలాడింది కూడా గడియారమే. సినిమా మొత్తం టైంతో కొట్లాట. నాకు ఇది రెండోసారి చూసినప్పుడు గానీ కొట్టొచ్చినట్టు కనపడలేదు.

మూడోది స్టోర్ బయటది, నగల షాపు సీన్. చేతిలో ఉన్నది వారం జీతం, ఎదురుగా గొలుసు. కొనాలంటే మధ్యాహ్నం భోజనం డబ్బులు కూడా పోతాయి. ఒక్కో నాణెం కౌంటర్ మీద పెడుతుంటే, వాడి కళ్ళముందున్న భోజనంలో ఒక్కో వంటకం మాయమైపోతూ ఉంటుంది. డైలాగ్ లేదు, మాటలు రాసిన కార్డు లేదు, ఆకలి మొత్తం అర్థమైపోద్ది. నవ్వొస్తుంది, నవ్వుతూనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

మేనేజర్ ఆఫీసు సీన్ గురించి ఎక్కువ చెప్పను, చూడాల్సిందే. అమ్మాయి పక్కనుంది, మనవాడు కుర్చీలో కూర్చున్నాడు, బల్ల మీద బజర్లు ఉన్నాయి, నొక్కితే స్టాఫ్ వస్తారు. అంతే మసాలా, దాంతోనే అంత సీన్ నడిపించారు.

ప్రశ్న: స్టబ్స్ అనే అతన్ని ఫ్లోర్ వాకర్ అంటారు, అంటే ఏం ఉద్యోగం?

పెద్ద స్టోర్లలో ఫ్లోర్ అంతా తిరుగుతూ సేల్స్‌వాళ్ళు సరిగ్గా పని చేస్తున్నారా, బట్టలు నీట్‌గా వేసుకున్నారా, కస్టమర్లతో ఎలా మాట్లాడుతున్నారు అని కాపలా కాసే సూపర్‌వైజర్ అన్నమాట. మన దగ్గర పెద్ద షోరూముల్లో ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ అంటాం చూడండి, అదే. సినిమాలో ఈ పాత్ర వెస్ట్‌కాట్ క్లార్క్ వేశాడు. సేల్ గొడవ తర్వాత మనవాడు కోటు లేకుండా ఉత్త చొక్కాతో కనపడ్డాడని మేనేజర్‌కి కంప్లైంట్ చేసేది ఈయనే. ఈయన నడకలో ఆ బిగువు, ఆ గడ్డం పైకెత్తడం చూడండి, మాట లేకుండానే ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. కస్టమర్‌కి ఒక మొహం, కింద పనిచేసేవాడికి ఇంకో మొహం.

ప్రశ్న: లాయిడ్ నిజంగానే ఆ బిల్డింగ్ ఎక్కాడా?

ఇదే అందరూ అడిగేది, జవాబు అవును కాదు రెండూ కొంచెం కొంచెం. దూరంనుంచి మొత్తం బిల్డింగ్ కనపడేలా తీసిన షాట్లలో గోడ ఎక్కుతున్నది లాయిడ్ కాదు, బిల్ స్ట్రోథర్, అంటే సినిమాలో రూమ్మేట్‌గా వేసినాయనే, ఆయన నిజజీవితంలో కూడా అదే పని చేసేవాడు. కొన్ని డేంజర్ షాట్లకి వేరే స్టంట్ డూప్‌లు కూడా చేశారు. దగ్గరనుంచి, మధ్యదూరంనుంచి మొహం కనపడే షాట్లు మాత్రం లాయిడే చేశాడు, గడియారం షాట్‌తో సహా. బతికున్నన్నాళ్ళూ డూప్‌ల సంగతి పెద్దగా బయటికి రాలేదు, 1971లో ఆయన పోయాక, 1980లో మూకీ సినిమాల మీద వచ్చిన ఒక టీవీ డాక్యుమెంటరీ సిరీస్‌లో అసలు ఎలా తీశారో విడమరిచి చూపించారు.

డూప్‌లున్నారని తెలిశాక కొంతమంది "ఓహ్ అంతేనా" అంటారు, నేను ఒప్పుకోను. ఆయన నిలబడ్డ చోటు కూడా మామూలు చోటు కాదు, కిందది చదవండి.

ప్రశ్న: మరి వెనకాల రోడ్డు, కార్లు, ట్రామ్‌లు అన్నీ నిజంగా కనపడతాయి కదా, గ్రాఫిక్స్ లేవు, ఎలా తీశారు?

గ్రాఫిక్స్ లేవు, వెనకాల తెరమీద బొమ్మ వేసి తీసే పద్ధతి కూడా ఇందులో వాడలేదు. లాస్ ఏంజిలెస్ డౌన్‌టౌన్‌లో నిజం బిల్డింగుల డాబాల మీద, అంచుకి దగ్గరగా, ఉత్తుత్తి గోడ సెట్ కట్టారు, కిటికీలు, గడియారం అన్నీ పెట్టి. కెమెరాని ఎత్తు మీద పెట్టి ఎలాంటి కోణంలో పట్టుకున్నారంటే, ఫ్రేములో ఆ సెట్ గోడ, దాని పక్కనుంచి ఎంతో కింద నిజమైన రోడ్డు కనపడతాయి, మధ్యలో ఉన్న డాబా మాత్రం కనపడదు. కథలో వాడు పైకెళ్ళేకొద్దీ ఇంకా ఎత్తైన బిల్డింగ్ డాబా మీదకి సెట్ మార్చుకుంటూ పోయారు, అందుకే రోడ్డు నిజంగానే కిందకి పోతున్నట్టుంటుంది. కెమెరామన్ వాల్టర్ లండిన్. శ్రద్ధగా చూస్తే ఫ్లోర్ మారినప్పుడు వెనకాల బిల్డింగులు, రోడ్డు మలుపు మారిపోతాయి, కానీ ఆ టెన్షన్‌లో ఎవరికి పడుతుంది అది.

సేఫ్టీ ఏంటంటే, సెట్ కింద డాబా మీద పరుపులు వేసిన ప్లాట్‌ఫామ్. దానికి రెయిలింగ్ లేదు. లాయిడే తర్వాత చెప్పుకున్నాడు, టెస్ట్ చేద్దామని పైనుంచి ఒక బొమ్మని పడేస్తే అది పరుపు మీద పడి ఎగిరి రోడ్డు మీదకి వెళ్ళిపోయిందని. అది చూశాక కూడా ఎక్కాడంటే, ఇంక డూప్ గీప్ అని మాట్లాడ్డానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: ఆయన చేతికి ఏదో ప్రమాదం జరిగింది అంటారు, నిజమా?

నిజం. 1919 ఆగస్టులో ఒక ఫొటో స్టూడియోలో పబ్లిసిటీ ఫొటోలు తీస్తుంటే, వత్తి వెలుగుతున్న బాంబుతో సిగరెట్ ముట్టించుకుంటున్నట్టు పోజు. ఆ బాంబు ఉత్తుత్తిది అనుకున్నారు, కాదు, చేతిలోనే పేలింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి, మొహం కాలి కొన్నాళ్ళు కళ్ళు కూడా కనపడలేదు. అప్పటికి ఆయన వయసు 26. తర్వాత పోయిన వేళ్ళు ఉన్నట్టు కనపడే చర్మం రంగు గ్లవ్ చేయించుకున్నాడు, అంతకుముందు గ్లవ్‌ల వ్యాపారంలో ఉండి సినిమాల్లోకొచ్చిన శామ్యూల్ గోల్డ్‌విన్ దానికి సాయం చేశాడు.

అంటే మీరు చూసే ఆ గడియారం సీన్ ఎనిమిది వేళ్ళతో చేసినట్టే లెక్క, కుడిచేతికి ఉన్నవి మూడు వేళ్ళే. సినిమాని పాజ్ చేసి కుడిచెయ్యి చూడండి, బొటనవేలు కదలదు, దేన్నైనా పట్టుకోవాల్సొస్తే బరువంతా ఎడమచేతి మీదకి తీసుకోడానికి చూస్తాడు, కుడిచెయ్యి మిగతా మూడు వేళ్ళతో కొక్కెంలా తగిలిస్తాడు. ఒక్కసారి ఇది గమనించాక ఆ ఇరవై నిమిషాలు మునుపటిలా చూడలేరు. తన చేతి సంగతి పబ్లిక్‌లో చెప్పుకునేవాడు కాదట కూడా, జనం జాలితో చూస్తే నవ్వరేమో అని ఆయన ఆలోచన.

ప్రశ్న: ఆ రూమ్మేట్ పాత్ర వేసిన స్ట్రోథర్ ఎవరు? తర్వాత ఎక్కడా కనపడలేదే?

ఈ సినిమా పుట్టిందే ఆయన వల్ల. లాస్ ఏంజిలెస్‌లో ఒకరోజు లాయిడ్ రోడ్డు మీద వెళ్తుంటే బ్రాక్‌మన్ బిల్డింగ్ ముందు జనం గుమిగూడి ఉన్నారు, స్ట్రోథర్ గోడ పట్టుకుని పైకి పోతున్నాడు. లాయిడ్ కాసేపు చూసి, తట్టుకోలేక అక్కడినుంచి వెళ్ళిపోయి, మళ్ళీ వీధి మలుపులోంచి తొంగి తొంగి చూశాడట ఇంకా బతికున్నాడా అని. నాకే గుండె ఇంతలా కొట్టుకుంటే థియేటర్లో జనానికి ఎలా ఉంటుంది అని అప్పుడే అనుకుని, వెంటనే ఆయన్ని కలిసి సినిమాకి తీసుకున్నాడు. షూటింగ్‌కి ముందు స్ట్రోథర్ ఇంకెక్కడో పడి కాలికి దెబ్బ తగిలించుకుంటే, దాన్ని కూడా వాడేసుకుని పాత్రకి లింపీ బిల్ అని పేరు పెట్టేశారు.

తర్వాత ఆయన సినిమాల్లో నిలబడలేదు. కానీ ఆయన రెండో జీవితం నాకు భలే ఇష్టం: 1940లలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో మిల్లర్ అండ్ రోడ్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్లో క్రిస్మస్ తాతగా కూర్చోడం మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి అదే వేషంలో పిల్లలకి కలలో దేవుడైపోయాడు. ఆయన్ని చూడ్డానికే పిల్లల్ని తీసుకుని పక్క ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు. డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి జనాన్ని రప్పించే ఐడియాకి వెయ్యి డాలర్లు అన్న సినిమాలో నటించినవాడు, నిజంగానే ఒక స్టోర్‌కి జనాన్ని రప్పించాడు, అదీ ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా కుర్చీలో కూర్చుని.

ప్రశ్న: అసలు పబ్లిసిటీ కోసం బిల్డింగులు ఎక్కడం అప్పట్లో నిజంగా ఉండేదా, లేక సినిమా కోసం కల్పించారా?

నిజంగా ఉండేది. 1910లు, 20లలో అమెరికా సిటీల్లో ఎత్తు బిల్డింగులు లేస్తున్న కొద్దీ వాటిని ఉత్త చేతులతో ఎక్కేవాళ్ళు కూడా పుట్టుకొచ్చారు, హ్యూమన్ ఫ్లై అనేవాళ్ళు, స్ట్రోథర్‌ని అయితే హ్యూమన్ స్పైడర్ అని పిలిచేవాళ్ళు. షాపులు, పేపర్లు, బ్యాంకులు వీళ్ళకి డబ్బులిచ్చి ఎక్కించేవి. కింద వేలమంది జనం.

ఇందులో ఒక విషాదం కూడా ఉంది, అది దాచిపెట్టడం నాకిష్టం లేదు. ఈ సినిమా రిలీజ్‌కి ముందు, 1923 మార్చిలో, న్యూయార్క్‌లో ఇదే సినిమా పబ్లిసిటీ కోసం హ్యారీ యంగ్ అనే ఆయన మార్టినీక్ హోటల్ గోడ ఎక్కుతూ జారి పడి చనిపోయాడు, చూస్తున్న జనం కళ్ళముందే. తెరమీద మనం నవ్వుకునే పనికి బయట ఒక మనిషి ప్రాణం పోయింది. ఈ సినిమా గురించి మాట్లాడే ప్రతిచోటా ఆ పేరు కూడా చెప్పాలి అనేది నా పట్టుదల.

ప్రశ్న: క్లైమాక్స్ ముందు తీసి కథ తర్వాత రాశారు అంటారు?

అవును, లాయిడే చెప్పాడు ఆ మాట. ముందు గోడ ఎక్కే భాగం తీసేశారు, అది బాగా వచ్చింది అని నమ్మకం కుదిరాక, సరే వీడు అసలు అక్కడికి ఎందుకొచ్చాడు అని వెనక్కి వెళ్ళి మొదటి భాగం కట్టుకున్నారు. ఇది తెలిశాక నాకు సినిమా మీద గౌరవం రెట్టింపయింది. వెనకనుంచి కట్టారు కాబట్టే మొదట్లో పెట్టిన ప్రతిదీ చివర్లో పనికొస్తుంది, గడియారం, పోలీసు, రూమ్మేట్ గోడలెక్కే విద్య, అమ్మాయికి చెప్పిన అబద్ధం, అన్నీ. ఒక్క గింజ వృథా పోలేదు.

ఎక్కేటప్పుడు వచ్చే అడ్డంకులు కూడా చూడండి, ప్రతి అంతస్తుకీ ఒకటి. పైనుంచి గింజలు పడి పావురాలు తల మీద వాలతాయి, తర్వాత నెట్ మీద పడి చుట్టుకుంటుంది, తర్వాత పెయింటర్ల చెక్క, గడియారం, కొసకి ఎవరూ కట్టని తాడు, కుక్క, ప్యాంటులో దూరిన ఎలుక. ఒక కిటికీలోంచి ముసలావిడ తల బయటపెట్టి, ఇలాంటి పనులు చేస్తే పడి దెబ్బ తగులుతుంది నాయనా అన్నట్టు సుద్దులు చెప్తుంది. ఎలుక దూరినప్పుడు మనవాడు అంచు మీద చిందులేస్తుంటే కింద జనం అది డాన్స్ అనుకుని చప్పట్లు కొడతారు, ఆ షాట్ దగ్గర నాకు ప్రతిసారీ అరచేతులు తడిసిపోతాయి.

ప్రశ్న: మొదటి సీన్‌లో ఉరితాడు కనపడుతుంది, అదేంటి?

ఇది చెప్తే మజా పోద్ది, కానీ అడిగారు కాబట్టి. కటకటాల వెనక కుర్రాడు, ఏడుస్తున్న తల్లి, అమ్మాయి, వెనకాల వేలాడుతున్న ఉచ్చు. ఉరిశిక్ష అనుకుంటాం. కెమెరా ఇంకోవైపుకి వెళ్ళగానే అది రైల్వే స్టేషన్, ఆ ఊచలు స్టేషన్ గేటు, ఆ ఉచ్చు, రైలు ఆగకుండానే సిబ్బంది అందుకునే ఆర్డర్ల కాగితం తగిలించే రింగు. మొదటి నిమిషంలోనే మీకు కనపడేది నమ్మకండి అని చెప్పేశాడు.

ప్రశ్న: హీరోయిన్ ఎవరు?

మిల్డ్రెడ్ డేవిస్. సినిమా రిలీజ్‌కి ముందే, 1923 ఫిబ్రవరి 10న లాయిడ్‌ని నిజంగానే పెళ్ళి చేసుకుంది. తర్వాత దాదాపుగా నటన మానేసింది, లాయిడ్ పక్కన జోబినా రాల్‌స్టన్ వచ్చింది.

ప్రశ్న: డిపార్ట్‌మెంట్ స్టోర్ కామెడీలు ఇంకేమన్నా ఉన్నాయా?

ఉన్నాయి. చాప్లిన్ 1916లోనే ది ఫ్లోర్‌వాకర్ తీశాడు, అందులో ఎస్కలేటర్ మీద పరుగుల సీన్ చూడాలి. మళ్ళీ 1936లో మోడర్న్ టైమ్స్‌లో రాత్రిపూట స్టోర్లో కళ్ళకి గంతలు కట్టుకుని స్కేటింగ్ చేస్తాడు. మార్క్స్ బ్రదర్స్‌ది ది బిగ్ స్టోర్, 1941. ఈ వరసలో ఉద్యోగి వైపునుంచి స్టోర్‌ని చూపించడంలో మాత్రం లాయిడ్‌దే పైచెయ్యి అంటాను. చాప్లిన్ పాత్ర స్టోర్‌కి బయటివాడు, వచ్చి గందరగోళం చేసి పోతాడు. లాయిడ్ పాత్రకి రేపు పొద్దున మళ్ళీ అదే కౌంటర్ దగ్గర నిలబడాలి.

ప్రశ్న: మాటల్లేని సినిమా, ఇంట్లో పిల్లలు కూర్చుంటారా?

కూర్చుంటారు, ధైర్యంగా పెట్టండి. మధ్యలో వచ్చే ఇంగ్లీషు కార్డులు మీరు పైకి తెలుగులో చెప్తూ పోతే సరిపోతుంది, అవి కూడా చిన్నచిన్నవే. ఇంటావిడ అద్దె అడగడానికొచ్చినప్పుడు మనవాడూ రూమ్మేటూ కోట్లలో దూరి గోడకి తగిలించిన బట్టల్లా కాళ్ళు ముడుచుకుని వేలాడే సీన్ దగ్గర పిల్లలు దొర్లి దొర్లి నవ్వుతారు. ఒక్కటే జాగ్రత్త, సినిమా అయిపోయాక బాల్కనీ గ్రిల్ వైపు వెళ్ళనివ్వకండి.

ప్రశ్న: పాత సినిమా కదా, ఇప్పుడు చూస్తే ఇబ్బంది పెట్టే సీన్లున్నాయా?

ఉన్నాయి. నగల షాపు యజమానిని యూదుల మీద అప్పట్లో ఉన్న వెక్కిరింపు మూసలో చేతులు నలుపుకుంటూ చూపించారు, స్టోర్లో పనిచేసే నల్లజాతి మనిషిని ఊరికే భయపడిపోయేవాడిగా చూపించారు. చిన్న సీన్లే, కానీ తప్పు తప్పే. పిల్లలతో చూస్తే అక్కడ ఆపి రెండు ముక్కలు చెప్పండి, దాటేయకండి.

ప్రశ్న: ఇంత గొప్పోడైతే లాయిడ్ పేరు చాప్లిన్ అంత ఎందుకు వినపడదు?

ప్రధాన కారణం, తన సినిమాల హక్కులు తనే దగ్గర పెట్టుకున్నాడు. మధ్యలో యాడ్లు వేసి ముక్కలు చేసి చూపిస్తారని టీవీలకి ఇవ్వలేదు, దాంతో చాప్లిన్‌నీ కీటన్‌నీ టీవీల్లో చూస్తూ పెరిగిన తరానికి ఈయన తెలీకుండా పోయాడు. 1962లో తన సినిమాల్లోని మంచి సీన్లు ఏర్చి ఒక సినిమాగా వదిలాడు. 1953లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఈ సినిమాని 1994లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు. ఇక సినిమావాళ్ళు ఆయన్ని ఎప్పుడూ మర్చిపోలేదు, జాకీ చాన్ 1983లో ప్రాజెక్ట్ ఏ లో గడియారం స్తంభం మీదనుంచి వేలాడింది, 1985లో బ్యాక్ టు ది ఫ్యూచర్‌లో డాక్టర్ బ్రౌన్ గడియారం పట్టుకుని వేలాడింది, రెండూ ఈయనకి దండం పెట్టడమే. 2011లో వచ్చిన హ్యూగోలో అయితే పిల్లలు థియేటర్లో ఈ సినిమానే చూస్తారు.

ప్రశ్న: గడియారం క్లిప్ ఐదు నిమిషాలది చూశాను, అది చాలదా?

చాలదు. క్లిప్‌లో మీకు కనపడేది ఎవరో ఒక మనిషి వేలాడటం. సినిమాలో అయితే అద్దె ఎగ్గొట్టి నగ కొన్న మనిషి, మధ్యాహ్నం అన్నం మానేసిన మనిషి, 50 డాలర్ల అబద్ధంతో ముసలావిడకి దారి చేసిన మనిషి వేలాడుతుంటాడు. పైగా క్లిప్పుల్లో గడియారం దగ్గర ఆపేస్తారు, అసలు గడియారం తర్వాత ఇంకా బోలెడుంది, డాబా అంచు మీద తిరిగే గాలి కొలిచే యంత్రం తలకి తగిలి మత్తుగా తూలే షాట్ అక్కడే ఉంది, నా లెక్కలో గడియారం కన్నా అదే భయంకరం.

ప్రశ్న: ఏ ప్రింట్ చూడాలి?

1923 సినిమా కాబట్టి 2019 జనవరి 1తో అమెరికాలో కాపీరైట్ అయిపోయింది, అందుకని నెట్‌లో బోలెడు కాపీలు దొరుకుతాయి, కానీ చాలావరకు మసకమసకగా, స్పీడు ఎక్కువై మనుషులు గంతులేస్తున్నట్టుంటాయి. రీస్టోర్ చేసిన ప్రింట్ వెతుక్కోండి, పాత క్లాసిక్ సినిమాల్ని డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ వాళ్ళు 2013లో డిస్క్ తెచ్చారు, కార్ల్ డేవిస్ కట్టిన ఆర్కెస్ట్రా మ్యూజిక్ ఉన్నది దొరికితే అదే పెట్టుకోండి. ఫోన్‌లో కాదు, ఇంట్లో ఉన్నదాంట్లో పెద్ద తెర మీద చూడండి, కింద రోడ్డు మీద చీమల్లా పోయే కార్లు కనపడకపోతే ఎత్తు తెలీదు.